ఆఫీసు డేటాబేస్ కనెక్ట్ కావట్లేదా? కుర్చీ దగ్గర్నుంచి సర్వర్ దాకా వెతికే పద్ధతి

దసరా అయిన మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి రాణిగంజ్‌లోని ఒక పంపుసెట్ల డీలర్ ఆఫీసు నుంచి ఫోన్. "అన్నా, బిల్లింగ్ ఓపెన్ అయితలేదు. సర్వర్ పోయినట్టుంది, జల్ది రా."

నేను వెళ్లేసరికే సర్వర్‌ని మూడుసార్లు రీస్టార్ట్ చేశారు. ఒకాయన యాంటీవైరస్ తీసేశాడు. ఇంకొకాయన ఎక్కడో వీడియో చూసి ఓడీబీసీ (సాఫ్ట్‌వేర్‌ని డేటాబేస్‌తో కలిపే వంతెన) సెట్టింగులు మార్చేశాడు. సర్వర్ డబ్బా మీద గంధం, కుంకుమ బొట్టు, వాడిపోయిన బంతిపూలు అలాగే ఉన్నాయి. టేబుల్ కిందికి వంగి చూస్తే నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే డబ్బా) మీద లైట్లన్నీ పూనకం వచ్చినట్టు ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. ఆయుధపూజకి దుమ్ము దులిపిన కుర్రాడు, ఊడదీసిన ల్యాన్ కేబుళ్లన్నీ బుద్ధిగా మళ్లీ పెట్టాడు. అందులో ఒకదాని రెండు కొసలూ అదే స్విచ్‌లో పెట్టేశాడు. పంపిన మాట తిరిగి తిరిగి తనకే వస్తూ స్విచ్ ఉక్కిరిబిక్కిరైపోయింది. ఆ కేబుల్ పీకిన కాసేపటికే బిల్లింగ్ తెరుచుకుంది. కానీ నలుగురూ నాలుగు చేతులేసి మార్చినవన్నీ వెనక్కి తెచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది.

ఐదు నుంచి ముప్పై మంది పనిచేసే ఆఫీసుల్లో, ఒక మూలన 'సర్వర్' అని పిలుచుకునే కంప్యూటర్ ఉండి, దాన్లోని డేటాబేస్‌ని అందరూ వాడుకునే చోట ఈ కింది వరుస పనికొస్తుంది. కనెక్షన్ ఎర్రర్ అంటే దారిలో ఎక్కడో మాట తెగిందని అర్థం. తెగిన చోటు కనుక్కునేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. ముట్టుకుంటే ఒకసారికి ఒక్కటే మార్చండి. దానివల్ల పని కాకపోతే, దాన్ని వెనక్కి పెట్టాకే ఇంకోదాని జోలికి వెళ్లండి.

లేచి వెళ్లే ముందు అడగాల్సినవి

మొదటి ప్రశ్న: ఒక్కరికా, అందరికా? సగం పని ఇక్కడే అయిపోతుంది. ఒక్కరికే రాకపోతే ముందే సర్వర్ వైపు చూడొద్దు, చాలాసార్లు తప్పు ఆ కంప్యూటర్‌లోనో, దాని కేబుల్‌లోనో, ఆ మనిషి పాస్‌వర్డ్‌లోనో ఉంటుంది. ఒక వరుసలో కూర్చున్న నలుగురికి మాత్రమే రాకపోతే, ఆ వరుస కింద పెట్టిన చిన్న స్విచ్‌ని చూడండి. అడాప్టర్ ప్లగ్గు ఊడి ఉంటుంది, లేదా దాని చోట ఎవరో ఫోన్ ఛార్జర్ పెట్టి ఉంటారు. అందరికీ రాకపోతే వెళ్లి సర్వర్ ముందు కూర్చుని అదే సాఫ్ట్‌వేర్ అక్కడే తెరవండి. సర్వర్‌లో తెరుచుకుంటే డేటాబేస్ బాగానే ఉంది, తెగింది దారి. అక్కడా తెరుచుకోకపోతే కేబుళ్ల గురించి మర్చిపోయి సర్వీసు (సర్వర్‌లో వెనక నడిచే డేటాబేస్ ప్రోగ్రామ్) సంగతి చూడండి.

రెండో ప్రశ్న: నిన్న సాయంత్రానికీ ఇవాళ పొద్దుటికీ మధ్య ఏం మారింది? "ఏం మార్చలే సార్" అనేది మామూలు జవాబు. కాబట్టి విడివిడిగా అడగాలి. రాత్రి కరెంటు పోయిందా? విండోస్ అప్‌డేట్ అయిందా? ఇంటర్నెట్ వాళ్లు వచ్చి రౌటర్ మార్చారా? ఎవరైనా పాస్‌వర్డ్ మార్చుకున్నారా? కుర్చీలు జరిపారా?

మూడోది ప్రశ్న కాదు, పని. ఎర్రర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి. "కనెక్షన్ ఎర్రర్ వచ్చింది" అంటే నాకేమీ తెలియదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న నంబరు చూస్తే తెలుస్తుంది. ముఖ్యంగా 'లాగిన్ ఫెయిల్డ్' అని వస్తే కంగారు పడకండి, నిజానికి అది శుభవార్త. సర్వర్ మిమ్మల్ని చూసి, మాట విని, లోపలికి రానివ్వలేదు, అంతే. కేబుల్, స్విచ్, పోర్టు (సర్వర్‌లో డేటాబేస్ తలుపు) అన్నీ బాగున్నట్టే. అలాంటప్పుడు నేరుగా లాగిన్ సంగతికి వెళ్లిపోవచ్చు.

దారి ఉందా: కేబుల్, ఐపీ, పేరు

సాఫ్ట్‌వేర్ తెరుచుకోని కంప్యూటర్ దగ్గర కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి (ఇక్కడ చెప్పే కమాండ్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి). ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా) 169.254తో మొదలైతే, రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థం. కంప్యూటర్ తనంతట తనే ఒక నంబరు పెట్టుకుని కూర్చుంది. కేబుల్ ఊడిందా, స్విచ్ ఆగిందా, రౌటర్ ఆగిందా చూడండి. కేబుల్ మీద అనుమానముంటే పక్క సీటులో పనిచేస్తున్న కేబుల్ తెచ్చి పెట్టి చూడటం అన్నిటికన్నా త్వరైన పరీక్ష. తలుపు సందుల్లో నలిగిన కేబుళ్లు, చేత్తో సరిగా క్రింప్ చేయని కొసలు ఒక రోజు పనిచేసి ఒక రోజు మొరాయిస్తాయి. కొత్త కేబుల్ కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్తే, ఫ్యాక్టరీలో కొసలు వేసిన ప్యాచ్ కార్డులే కొనండి.

ఐపీ సరిగ్గానే ఉంటే సర్వర్‌ని పింగ్ చేయండి (పిలిస్తే పలుకుతోందా అని చూడటం), ముందు నంబరుతో, తర్వాత పేరుతో. నంబరుతో జవాబొచ్చి పేరుతో రాకపోతే దారి బాగానే ఉంది, పేరుని నంబరుగా మార్చే ఏర్పాటు చెడింది. రెండిటికీ జవాబు రాకపోయినా సర్వర్ చచ్చిపోయిందని అప్పుడే తీర్మానించకండి. విండోస్ ఫైర్‌వాల్ (బయట్నుంచి వచ్చే మాటల్ని ఆపే కాపలాదారు) చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు. పింగ్ వస్తే నమ్మండి. రాకపోతే అది సాక్ష్యం కాదు.

మన ఊళ్లో మేలో ఈదురుగాలి లేచి కరెంటు పోయి వచ్చిన మర్నాడు ఇలాంటి ఫోన్లు ఎక్కువ. జరిగేది ఇదీ: రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది, అన్ని కంప్యూటర్లకీ కొత్తగా నంబర్లు పంచుతుంది. నిన్నటిదాకా 192.168.1.50గా ఉన్న సర్వర్ ఇవాళ 192.168.1.63 అవుతుంది. ఆఫీసులో పద్నాలుగు కంప్యూటర్లుంటే పద్నాలుగూ పాత నంబరు తలుపే కొడుతుంటాయి. ఆ నంబరు ఇప్పుడు ప్రింటర్‌దో, ఎవరి ఫోన్‌దో. పద్నాలుగు చోట్లా కొత్త నంబరు కొట్టడం మందు కాదు, వచ్చే గాలివానకి మళ్లీ ఇదే కథ. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (నంబర్లు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ అనే చోట సర్వర్ మ్యాక్ అడ్రస్ (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఇచ్చి, ఆ నంబరు దానికే రాసిపెట్టండి. అది కుదరకపోతే సర్వర్‌లోనే స్టాటిక్ ఐపీ (మారని నంబరు) ఇవ్వండి, కానీ రౌటర్ పంచే నంబర్ల వరుసకి బయటి నంబరు ఎంచుకోండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దాదాపు ప్రతి ఆఫీసులోనూ సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, స్విచ్‌కి ఉండదు. కరెంటు రెప్పపాటు పోయి వస్తే సర్వర్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు. కానీ స్విచ్ ఆగి మళ్లీ లేచేలోపు బిల్లు కొడుతున్న వాళ్లందరికీ కనెక్షన్ తెగిపోతుంది. స్విచ్‌కి కావాల్సిన కరెంటు చాలా తక్కువ. సర్వర్ ఉన్న యూపీఎస్‌లోనే దాని ప్లగ్గూ పెట్టండి. టీ కెటిల్ మాత్రం పెట్టనివ్వకండి.

సర్వర్ మామూలు విండోస్ కంప్యూటరే అయితే మరో రెండు చూడాలి. పవర్ సెట్టింగుల్లో స్లీప్ 'నెవర్' అని ఉందా? భోజనానికి వెళ్లొచ్చాక కనెక్షన్ రావట్లేదంటే చాలాసార్లు సర్వర్ కూడా కునుకు తీసి ఉంటుంది. రెండోది, నెట్‌వర్క్ ప్రొఫైల్ 'ప్రైవేట్' అని ఉందా, 'పబ్లిక్' అని ఉందా? రౌటర్ మార్చాక విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ కింద పెట్టేస్తుంది. దాంతో ఫైర్‌వాల్ తలుపులు బిగుసుకుంటాయి.

తలుపు తెరిచి ఉందా: పోర్టు, సర్వీసు

ఊరికి దారి ఉండి ఇంటి తలుపు మూసి ఉండొచ్చు. ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో తలుపు నంబరు: ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433, మైఎస్‌క్యూఎల్‌కి 3306, పోస్ట్‌గ్రెస్‌కి 5432. ఇవి మామూలుగా ఉండేవి, మీ ఆఫీసులో ఎవరైనా మార్చి ఉండొచ్చు. పవర్‌షెల్ తెరిచి 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అని కొట్టి, సర్వర్ నంబరు, తర్వాత '-పోర్ట్ 1433' ఇవ్వండి. చివర్లో 'టీసీపీ టెస్ట్ సక్సీడెడ్: ట్రూ' అని వస్తే తలుపు తెరిచే ఉంది. 'ఫాల్స్' వస్తే రెండు కారణాలు: లోపల వినేవాళ్లు లేరు, లేదా వాకిట్లో ఫైర్‌వాల్ ఆపుతోంది.

ఏదో తేల్చాలి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్', అంటే 10061 వస్తే లోపల సర్వీసు లేదనీ, 'టైమౌట్', అంటే 10060 వస్తే ఫైర్‌వాల్ అనీ అందరూ నేర్పుతారు. లినక్స్ సర్వర్ విషయంలో ఇది చాలామటుకు నిజం. విండోస్ సర్వర్ విషయంలో నమ్మకండి. విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే, లోపల ఎవరూ వినని పోర్టుని తట్టినా అది ఉలకదు, పలకదు. సర్వీసు ఆగిపోయినా టైమౌటే వస్తుంది. అందుకే సర్వర్ దగ్గరికే వెళ్లి చూడాలి. అక్కడ కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్‌స్టాట్ -ఏఎన్ఓ' కొట్టండి. 1433 ఎదురుగా 'లిజనింగ్' అని ఉంటే సర్వీసు నడుస్తోంది, దోషి ఫైర్‌వాల్. ఆ వరుసే లేకపోతే సర్వీసు ఆగింది, లేదా ఇంకో పోర్టులో ఉంది. 127.0.0.1 పక్కన మాత్రమే లిజనింగ్ అని ఉంటే, అది తనతో తాను మాత్రమే మాట్లాడుకుంటోంది, బయటివాళ్ల మాట వినదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ కొత్తగా వేసిన ఆఫీసుల్లో ఇదే గొడవ. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ, అంటే నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి, మొదట్లో ఆఫ్ చేసే ఉంటుంది. అందుకే సర్వర్‌లో చక్కగా పనిచేసి, పక్క సీటులో పనిచేయదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ప్రోటోకాల్స్‌లోకి వెళ్లి టీసీపీ/ఐపీని ఎనేబుల్ చేయండి, సర్వీసుని రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకపోతే మార్పు అమలు కాదు, ఇది మర్చిపోయి గంటలు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎర్రర్ 26, అంటే సర్వర్‌ని గానీ ఇన్‌స్టన్స్‌ని (అందులో నడిచే ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ సెటప్‌ని) గానీ కనుక్కోలేకపోయానని వస్తే, అడ్రస్‌లో సర్వర్ పేరు పక్కన బ్యాక్‌స్లాష్ పెట్టి ఇన్‌స్టన్స్ పేరు ఉండి ఉంటుంది. అలాంటి ఇన్‌స్టన్స్ మామూలుగా 1433లో ఉండదు, తనకు దొరికిన పోర్టు తీసుకుంటుంది. అది ఏ పోర్టో చెప్పే గుమాస్తా ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీసు, యూడీపీ అనే ఇంకో రకం పోర్టు, 1434లో కూర్చుంటుంది. ఆ సర్వీసు ఆగినా, ఫైర్‌వాల్‌లో యూడీపీ 1434 మూసినా ఎర్రర్ 26 వస్తుంది. నేను గుమాస్తా మీద ఆధారపడను. టీసీపీ/ఐపీ ప్రాపర్టీస్‌లో కింద ఉండే 'ఐపీ ఆల్' దగ్గర డైనమిక్ పోర్టు గడి ఖాళీ చేసి, టీసీపీ పోర్టు గడిలో 1433 రాసేస్తాను. అప్పుడు అడ్రస్‌గా సర్వర్ నంబరు, కామా, 1433 ఇస్తే చాలు. గుర్తుంచుకోండి, అక్కడ కామా పెట్టాలి, కోలన్ కాదు.

లినక్స్ మీద వేసిన మైఎస్‌క్యూఎల్ అయితే కాన్ఫిగ్ ఫైల్లో బైండ్-అడ్రస్ 127.0.0.1 అని ఉందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో దానికి బదులు లిజన్_అడ్రసెస్ ఉంటుంది. పైగా ఏ నంబర్లవాళ్లని రానివ్వాలో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో మీ ఆఫీసు ఐపీ నంబర్ల వరుస కూడా రాయాలి.

ఫైర్‌వాల్‌దే తప్పు అని తేలితే దాన్ని ఆఫ్ చేసి వదిలేసే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. పరీక్ష కోసం ఒక్క నిమిషం ఆఫ్ చేయండి, కనెక్ట్ అయితే వెంటనే ఆన్ చేసి, ఆ పోర్టుకి మాత్రం ఇన్‌బౌండ్ రూల్ (లోపలికి రానిచ్చే అనుమతి) రాయండి. ఆ రూల్‌లో స్కోప్ అనే చోట మీ ఆఫీసు నంబర్ల వరకే ఇవ్వండి. ఓనర్‌గారు ఇంటి నుంచి లెక్కలు చూసుకుంటారని రౌటర్‌లో 1433ని బయటి ప్రపంచానికి తెరిచిన ఆఫీసులు చూశాను. ఆ పని చేయకండి, వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) పెట్టించుకోండి.

ఒక చిన్న చిట్కా

సాఫ్ట్‌వేర్‌దా తప్పు, నెట్‌వర్క్‌దా అని తేలనప్పుడు డెస్క్‌టాప్ మీద ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైలు చేసి, దాని చివరి పేరుని యూడీఎల్ అని మార్చండి. డబుల్ క్లిక్ చేస్తే సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ అడిగే చిన్న డబ్బా వస్తుంది, కింద 'టెస్ట్ కనెక్షన్' బటన్ ఉంటుంది. అందులో కనెక్ట్ అయి మీ సాఫ్ట్‌వేర్‌లో కాకపోతే, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేసి ధైర్యంగా మాట్లాడొచ్చు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నెలల తరబడి డేటాబేస్ పట్టికలు కలిపే జాయిన్లు నేర్పిస్తారు గానీ ఈ రెండు నిమిషాల పని ఎవరూ నేర్పించరు.

ఓడీబీసీ వాడే సాఫ్ట్‌వేర్‌లో 'డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్' అని వస్తే, డీఎస్ఎన్ (ఓడీబీసీలో రాసిపెట్టుకున్న కనెక్షన్ వివరాలు) ఉందని మీ కళ్లకి కనిపిస్తున్నా సరే, అది 64 బిట్‌లో చేసి సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది అయ్యుంటుంది. విండోస్‌లో రెండు ఓడీబీసీ మేనేజర్లు ఉన్నాయి. తమాషా ఏమిటంటే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉన్నది 32 బిట్‌ది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఓడీబీసీ డ్రైవర్ 18 వేశాక సర్టిఫికెట్‌ని నమ్మలేనని ఎర్రర్ వస్తే, ఆ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ (మాటని గుప్తంగా మార్చి పంపడం) మొదట్నుంచే ఆన్‌లో ఉండేలా చేశారన్నది కారణం. సర్వర్‌కి సరైన సర్టిఫికెట్ పెట్టడం అసలు మందు, 'ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్' ఆన్ చేయడం ఆ పూటకి గడిపే ఉపాయం.

లోపలికి రానిస్తున్నారా: లాగిన్

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 18456 అంటే లాగిన్ తిరస్కరించారు. వాడేవాళ్లకి కారణం చెప్పదు, దొంగకి ఆచూకీ ఇచ్చినట్టవుతుందని. సర్వర్‌లోని ఎర్రర్ లాగ్ తెరిస్తే అదే నంబరు పక్కన 'స్టేట్' అని ఇంకో నంబరు ఉంటుంది. 5 అంటే ఆ పేరుతో యూజరే లేడు. 8 అంటే పాస్‌వర్డ్ తప్పు. 58 అంటే సర్వర్ విండోస్ లాగిన్లకే ఒప్పుకునేలా ఉంది, మీరు ఎస్‌క్యూఎల్ లాగిన్‌తో వచ్చారు. అప్పుడు రెండు రకాల లాగిన్లకీ ఒప్పుకునే మిక్స్‌డ్ మోడ్‌కి మార్చి సర్వీసు రీస్టార్ట్ చేయాలి.

కొత్త సర్వర్‌కి మారి పాత బ్యాకప్ ఎక్కించాక 4060 వస్తే, లాగిన్ ఉంది, డేటాబేస్‌లో యూజర్ ఉన్నాడు, కానీ ఇద్దరికీ చుట్టరికం తెగిపోయింది. 'ఆల్టర్ యూజర్' కమాండ్‌లో 'విత్ లాగిన్' అని ఇచ్చి కలపాలి.

మైఎస్‌క్యూఎల్‌లో 1045 అంటే పాస్‌వర్డ్ తప్పు అనే అందరూ అనుకుంటారు. అక్కడ యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ, వచ్చిన చోటూ కలిపి. సర్వర్‌లో కూర్చున్న రమేష్ వేరు, పక్క గదిలోంచి వచ్చిన రమేష్ వేరు. సర్వర్‌లో పనిచేసిన పాస్‌వర్డే బయట్నుంచి పనిచేయకపోతే ఆ చోటికి అనుమతి ఇచ్చారో లేదో చూడండి. 1130 వస్తే ఆ కంప్యూటర్‌కి అసలు అనుమతే లేదు.

యాక్సెస్ ఫైల్ షేర్ చేసుకునేవాళ్లకి

ఇంకా చాలా ఆఫీసులు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌నే షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకుని నడిపిస్తున్నాయి. దీన్లో పోర్టుల గొడవ లేదు, ఫోల్డర్ హక్కుల గొడవ ఉంది. ఫైల్ తెరవగానే దాని పక్కనే ఎల్ఏసీసీడీబీ అనే లాక్ ఫైల్ పుడుతుంది, అందరూ బయటికెళ్లాక పోతుంది. అందుకే ప్రతి ఒక్కరికీ ఫైల్ మీదే కాదు, ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పుట్టించే, తీసేసే హక్కు కూడా ఉండాలి. ఒకరికి చదివే హక్కు మాత్రమే ఇస్తే వాళ్లు ముందు తెరిచిన రోజు మిగతావాళ్లకి తిప్పలు.

"వేరేవాళ్లు వాడుతున్నారు, తెరవడం కుదరదు" అని వస్తే సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్ చూడండి. ఎవరి కంప్యూటర్ పట్టుకుని ఉందో కనిపిస్తుంది. వాళ్లని బయటికి రమ్మని పిలవండి. నిజంగా అందరూ బయటికొచ్చాక కూడా లాక్ ఫైల్ మిగిలితే అప్పుడే తీసేయండి. కాంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టే ముందు కాపీ తీసుకోండి. యాక్సెస్ ఫైల్ 2 జీబీ మించి పెరగదు, ఆ దరిదాపుల్లో ఉంటే ఇంకో డేటాబేస్‌కి మారే టైం వచ్చినట్టే.

సర్వర్‌గా మామూలు విండోస్ 10 లేదా 11 వాడితే, ఒకేసారి 20 కంప్యూటర్లకి మించి షేర్ తెరవనివ్వదు. ఇరవై ఒకటో సీటు కొన్నాక కనెక్షన్ సమస్య మొదలైతే కారణం అదే. వైఫై మీద యాక్సెస్ ఫైల్ నడపడం మాత్రం మానేయండి. సిగ్నల్ ఒక్క క్షణం ఆగినా ఫైలే పాడైపోవచ్చు.

వస్తూ పోతూ ఉండే ఎర్రర్లు

అన్నిటిలోకీ ఇవే విసుగు. పొద్దున బాగుంటుంది, పన్నెండింటికి మొదలవుతుంది, మీరు వెళ్లేసరికి మాయం. ఆ కంప్యూటర్‌లో సర్వర్‌ని 'పింగ్ -టీ' పెట్టి రోజంతా వదిలేయండి. సాయంత్రం చూస్తే మధ్యమధ్యలో 'రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్' ఉంటే తప్పు దారిలోనే, కేబుల్, స్విచ్ మార్చి చూడండి. పింగ్ ఒక్కటీ పోకుండా సాఫ్ట్‌వేర్ మాత్రం తెగుతుంటే, కనెక్షన్ల లెక్క చూడాలి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 151 కనెక్షన్లు, పోస్ట్‌గ్రెస్ 100 ఇస్తాయి. పదిహేను మంది ఉన్న ఆఫీసులో 151 నిండాయంటే, మీ సాఫ్ట్‌వేర్ కనెక్షన్ తెరిచి మూయడం లేదు. మైఎస్‌క్యూఎల్‌లో కనెక్షన్లు నిండాయని చెప్పే 1040 ఎర్రర్ రాగానే ఆ సంఖ్య 500కి పెంచితే ఆ రోజుకి నడుస్తుంది, వారానికి 500 కూడా నిండుతాయి. 'షో ప్రాసెస్‌లిస్ట్' కొడితే ఏ కంప్యూటర్ నుంచి ఎన్ని 'స్లీప్'లో పడున్నాయో కనిపిస్తుంది. ఆ జాబితా ఫోటో తీసి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి పంపండి.

రాణిగంజ్ ఆఫీసులో ఆ రోజు సాయంత్రం నేను చేసిన చివరి పని, ప్రతి కేబుల్ రెండు కొసలకీ తెల్ల టేపు చుట్టి ఒకే నంబరు రాయడం. సర్వర్ ఐపీ, పోర్టు, ఇన్‌స్టన్స్ పేరు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయలేదు. దుమ్ము దులిపిన కుర్రాడు పక్కనే నిలబడి టేపు చింపి ఇచ్చాడు. "వచ్చే దసరాకి నంబర్ చూసి పెడతా అన్నా" అన్నాడు. ముందు ఫోటో తీసుకో, తర్వాత పీకు అని చెప్పాను.